కన్ను తేటగా ఉంటే: ఆట శనివారం, కెమెరా, మత్తయి 6:22

"దేహమునకు దీపము కన్నే గనుక నీ కన్ను తేటగా ఉండినయెడల నీ దేహమంతయు వెలుగు మయమైయుండును."

కొండమీది ప్రసంగంలో ఈ మాట వచ్చిన చోటే విచిత్రంగా ఉంటుంది. దీనికి ముందు చిమ్మెట, తుప్పు, కన్నం వేసే దొంగలు. దీని తర్వాత ఇద్దరు యజమానులు, దేవుడు, సిరి. ముందూ వెనకా డబ్బు సంగతి నడుస్తుంటే నడుమ కంటి ప్రస్తావన ఎందుకు? చెడు చూడొద్దని చెప్పడానికేనని ప్రసంగీకులు కొందరు ఇక్కణ్ణుంచి నేరుగా సినిమాల మీదికీ ఫోన్ల మీదికీ వెళ్లిపోతారు. వాక్యం అటు పోవడం లేదు.

మన 'తేట'కు మూలంలో ఉన్న గ్రీకు మాట హాప్లూస్. ఒంటి మడత అని అర్థం. దీనికి ఎదురుమాట డిప్లూస్, అంటే రెండు మడతలది. తెలుగు అనువాదకులు దానికి 'తేట' అనడం చక్కగా కుదిరింది. చిల్లగింజ అరగదీసిన కుండలో బురదనీళ్లు పోసి కదపకుండా ఉంచితే మడ్డి అడుగుకు దిగుతుంది, పైన మిగిలింది తేట. నీళ్లలో కలిసిపోయినవి విడిపోయాయి, అంతే.

ఇక తర్వాతి వచనంలోని 'చెడిన కన్ను'. హెబ్రీ పలుకుబడిలో మంచి కన్ను అంటే పెట్టే గుణం. చెడ్డ కన్ను అంటే పిసినారితనం, ఓర్వలేనితనం. సామెతలు 22:9లో 'దయాదృష్టిగలవాడు' అని మనం చదువుకునేవాడు మూలంలో 'మంచి కన్ను గలవాడు'. 23:6లో 'ఎదుటివాని మేలు ఓర్చలేనివాడు' అక్కడ 'చెడ్డ కన్ను గలవాడు'. ద్రాక్షతోట యజమాని "నేను మంచివాడనైనందున నీకు కడుపుమంటగా ఉన్నదా" (మత్తయి 20:15) అని అడిగినచోట కూడా గ్రీకులో ఉన్నది కన్నే. మనవాళ్లకు అసూయ కడుపులో మండుతుంది కనుక అనువాదంలో కన్ను కడుపైంది. కళ్లలో నిప్పులు పోసుకోవడమూ మనకున్న పలుకుబడే, అది వాడినా సరిపోయేది.

అంటే చెదరని చూపు ఒకటి, ఎదుటివాడి మేలు ఓర్చే చూపు ఒకటి. ఈ రెంటికీ ఒకే రోజు పరీక్ష పెట్టే చోటు అమెరికాలో ఇండియానా రాష్ట్రం సౌత్‌బెండ్ పక్కన ఉన్న నోటర్ డేమ్ విశ్వవిద్యాలయం. హోలీక్రాస్ సభకు చెందిన ఫాదర్ ఎడ్వర్డ్ సోరిన్ 1842లో దాన్ని స్థాపించారు. ఆ సభలో గురువులు (ఫాదర్లు) కావడానికి చదివే గురువిద్యార్థులుండే మోరో సెమినరీ సెయింట్ జోసెఫ్ చెరువుకు ఆవలి ఒడ్డున ఉంది. ఈవలి ఒడ్డున తరగతులు, బసిలికా, ఆ వెనక 77 వేల మందికి పైగా పట్టే ఫుట్‌బాల్ స్టేడియం. ఉదయ ప్రార్థన, దివ్యబలిపూజ, గ్రీకు క్రియారూపాలు, సాయంకాల ప్రార్థన, ఇదీ వారమంతా దినచర్య. ఏటా ఆరేడు శనివారాలు మాత్రం ఊరు ఊరంతా స్టేడియం వైపు కదులుతుంది. ఇక్కడ ఫుట్‌బాల్ అంటే బంతిని చేత పట్టుకుని వంద గజాల మైదానంలో పరిగెత్తే ఆట. బంతి అవతలి గీత దాటితే టచ్‌డౌన్, ఆరు పాయింట్లు, రిఫరీ రెండు చేతులూ పైకెత్తుతాడు.

ఆ చేతుల దగ్గరే మొదటి పాఠం దొరుకుతుంది. స్టేడియానికి ఉత్తరాన హెస్‌బర్గ్ గ్రంథాలయం గోడ మీద 134 అడుగుల ఎత్తు, 68 అడుగుల వెడల్పున రాతి ముక్కలతో కూర్చిన చిత్రం ఉంది. మిల్లార్డ్ షీట్స్ రూపకల్పన, 1964లో ప్రతిష్ఠ. పేరు 'జీవవాక్యం'. శిష్యుల, పండితుల నడుమ బోధకుడైన క్రీస్తు రెండు చేతులూ ఎత్తి నిలబడి ఉంటాడు. మైదానం నుంచి చూసేవాళ్లకు ఆ చేతులు గోల్‌పోస్టు పైన కనబడేవి. జనం దానికి 'టచ్‌డౌన్ జీసస్' అని పేరు పెట్టేశారు. పేరులో దురుద్దేశం లేదు, ప్రేమే ఉంది. కానీ బోధకుణ్ణి రిఫరీగా చూసేది రెండు మడతల కన్నే. గురువిద్యార్థి ఆ పేరు విని నవ్వుకోవచ్చు, తనూ అనవచ్చు. ఆ చేతులు ఎందుకు లేచాయో కూడా తెలిసి ఉండాలి.

ఆ చిత్రాన్నీ ఆటగాణ్ణీ ఒకే ఫొటోలో పట్టాలని ప్రతి కొత్త ఫొటోగ్రాఫరూ ఆశపడతాడు. 1997లో స్టాండ్లు పెంచాక మైదానం మట్టం నుంచి గోడ కొంత మరుగైంది, దక్షిణపు స్టాండ్లలో పైకెక్కితే మేలు. అసలు చిక్కు ఫోకస్‌ది. 200 మిల్లీమీటర్ల లెన్సు, ఎఫ్ 2.8 (లెన్సు రంధ్రం కొలత, అంకె పెరిగితే రంధ్రం చిన్నదవుతుంది), ఇరవై మీటర్ల దూరంలో ఆటగాడు: స్పష్టంగా ఉండే లోతు రెండు మీటర్లు కూడా రాదు. దూరపు గోడ మసక బారకుండా ఉండదు. ఎఫ్ 11కు దించితే గోడ కాస్త తేరుకుంటుంది గానీ వెలుతురు నాలుగు స్టాపులు, ఒక్కో స్టాపుకు సగం చొప్పున, పోతుంది. పరుగును ఆపడానికి కావలసిన సెకనులో వెయ్యోవంతు షట్టర్‌ను నిలబెట్టాలంటే ఐఎస్ఓ (వెలుతురుకు సెన్సర్ స్పందించే కొలత) పెంచాలి, ఫొటో గరుకవుతుంది. ఆటగాడో, గోడో ముందే తేల్చుకోవాలి. "ఎవడును ఇద్దరు యజమానులకు దాసుడుగా నుండనేరడు" అన్నమాట లెన్సుకు కూడా వర్తిస్తుంది.

ఆట తీసే పద్ధతిలో చాలాభాగం ఈ తేల్చుకోవడమే. ఫోకస్‌ను షట్టర్ మీట నుంచి తప్పించి వెనక బొటనవేలి బటన్‌కు మార్చాలి. ఫోకస్ గడి ఒకటి, లేదా చిన్న గుంపు చాలు. వెడల్పు గడులు పెడితే నలుపు తెలుపు చారల చొక్కాతో రిఫరీ అడ్డు రాగానే కెమెరా ఆ చారల మీదికి దూకుతుంది. అంత గట్టి కాంట్రాస్టు మైదానంలో మరొకటి ఉండదు. నోటర్ డేమ్ హెల్మెట్లు బంగారు రంగువి, ఎండలో అద్దాల్లా మెరుస్తాయి. ఆ మెరుపుకు కెమెరాలో వెలుతురు కొలిచే మీటరు మోసపోయి ఫొటోను చీకటి చేస్తుంది, అసలే నీడలో ఉన్న ముఖం బొగ్గవుతుంది. అందుకని ఎక్స్‌పోజర్ చేత్తో పెట్టుకుని, ముఖం కోసం స్టాపులో మూడింట రెండు వంతులు పెంచడం మంచిది. మోకాళ్ల మీద కూర్చుంటే హెల్మెట్ అంచు కింద కళ్లు కనబడతాయి. కూర్చునేది గీసిన హద్దుకు వెనక, లెన్సు మీంచి ఒక కన్ను తీసి. వంద కిలోల మనిషి హద్దు దాటి మీదికొస్తే ఎంత దగ్గరికొచ్చాడో వ్యూఫైండర్లో సరిగా తెలియదు.

వెలుతురు నెలను బట్టి మారుతుంది. సాయంత్రం మూడున్నరకు మొదలయ్యే ఆట సెప్టెంబరులో ఎండలోనే ముగుస్తుంది. నవంబరులో ఐదున్నర ప్రాంతంలోనే పొద్దు గూకుతుంది, రెండో సగమంతా దీపాల కిందే. మధ్యలో పడమటి స్టాండ్ల నీడ మైదానాన్ని కోసుకుంటూ తూర్పుకు పాకుతుంది. ఎండకూ నీడకూ తేడా సుమారు మూడు స్టాపులు. ఆటగాడు ఎండలోంచి నీడలోకి పరిగెత్తితే ఆటో మీటరు అందుకోలేదు. రెండు అమరికలు కెమెరాలో ముందే దాచుకుని ఒక్క బటన్‌తో మార్చుకోవాలి. ఇంకో దురలవాటు, తీసిన ప్రతి ఫొటోనూ వెంటనే తెర మీద చూసుకోవడం. తల వంచి చూసుకుంటున్న ఆ నాలుగు సెకన్లలోనే బంతి చేతులు మారుతుంది.

ఇదే విద్యాలయంలో ఒక విద్యార్థి ఆలోచనలోంచి పుట్టిన ఫొటో వందేళ్లుగా తిరుగుతోంది. 1924 అక్టోబరు 18న న్యూయార్క్‌లో నోటర్ డేమ్ ఆర్మీ జట్టును 13–7తో గెలిచింది. గ్రాంట్‌ల్యాండ్ రైస్ అనే పత్రికా రచయిత నలుగురు ఆటగాళ్లను ప్రకటన గ్రంథం 6వ అధ్యాయంలోని నలుగురు రౌతులతో పోల్చి రాశాడు. కోచ్ న్యూట్ రాక్నీ దగ్గర ప్రచార పని చూసే విద్యార్థి జార్జ్ స్ట్రిక్లర్, జట్టు తిరిగొచ్చాక స్టుల్‌డ్రేయర్, మిల్లర్, క్రౌలీ, లేడెన్‌లను ఆట దుస్తుల్లోనే గుర్రాలెక్కించి ఫొటో తీయించాడు. ఆ ఏడు జట్టు ఒక్క ఆటా ఓడలేదు, ఫొటో దేశమంతా పాకింది.

గురువిద్యార్థి ఆ ఫొటోను రెండుసార్లు చూడాలి. ప్రకటన గ్రంథంలో ఆ తెల్లని, ఎఱ్ఱని, నల్లని, పాండుర వర్ణపు గుర్రాలు లోకానికి వచ్చే ఉపద్రవాలు. యోహాను వాటిని మెచ్చుకోవడానికి రాయలేదు. అది ఒకటి. రెండోది, జట్టంటే పదకొండు మంది. ముందువరసలో దారి చేసిపెట్టిన మిగతా ఏడుగురికి 'ఏడు కంచరగాడిదలు' అన్న పేరు దక్కింది, గుర్రం దక్కలేదు. ఆ వరసవాళ్లను లైన్‌మన్ అంటారు. (మనకు లైన్‌మన్ అంటే కరెంటు స్తంభం ఎక్కేవాడు. అక్కడా ఇక్కడా పని ఆగిపోయినప్పుడే అతను గుర్తొస్తాడు.) ఆట కవర్ చేసే విద్యార్థి తీసే ఫొటోల్లో మూడో వంతైనా ఆ వరస మీద పెట్టాలి. బంతి కదిలిన మొదటి సెకనులో, బంతిని వదిలేసి, వాళ్ల చేతుల మీద. దయాదృష్టిని కెమెరాలోకి తెస్తే దాదాపు ఇలాగే ఉంటుంది.

బసిలికాలో పూజ తీయడం వేరే క్రమశిక్షణ. ఫ్లాష్ పనికిరాదు, మోటారు షట్టర్ చప్పుడు రాతి గోడల్లో మోగుతుంది. నిశ్శబ్ద షట్టర్ పెడితే ఎల్ఈడీ దీపాల కింద ఫొటో మీద అడ్డ చారలు పడతాయి. సెన్సర్ వరస వరసగా చదువుతుంటే దీపం వెలిగి ఆరుతూ ఉండడమే దానికి కారణం. అమెరికా కరెంటు 60 హెర్ట్జ్ కనుక 1/60 లేదా 1/125, మన విచారణల్లో (పారిష్‌లలో) 50 హెర్ట్జ్ కనుక 1/50 లేదా 1/100 పెడితే చారలు చాలావరకు పోతాయి. చీకటి గుడి, తెల్లని పూజావస్త్రం కలిస్తే మీటరు చీకటిని చూసి వెలుతురు పెంచుతుంది, వస్త్రం మీద మడతలన్నీ మాడిపోతాయి. స్టాపులో మూడింట రెండు వంతులు తగ్గించాలి. సాంబ్రాణి పొగలో ఫోకస్ తడుముకుంటే కొవ్వొత్తి అంచు పట్టుకోవాలి. చోటు మారడం పాట నడిచేటప్పుడే. అప్పద్రాక్షారసాల ప్రతిష్ఠాపన వేళ అడుగు కదపరాదు. సత్ప్రసాదం తీసుకునేవారి ముఖాలు, పాపసంకీర్తనం కోసం వరసలో ఉన్నవారు ఎంత మంచి వెలుతురులో ఉన్నా వదిలేయాలి.

కెమెరాతో చేసిన పూజ పూజగా లెక్కవుతుందా? గురువిద్యార్థులు అడిగే ప్రశ్నే ఇది. ఎక్స్‌పోజర్ లెక్కలు వేస్తూ "ప్రభువా, నేను యోగ్యుణ్ణి కాను" అనడం కుదరదన్నది నిజాయితీగల జవాబు. తీసేది ఒక పూజ, పాల్గొనేది మరొకటి అయితే మేలు. శనివారం సాయంత్రపు పూజ ఆదివారపు బాధ్యతకు సరిపోతుందని శ్రీసభ చట్టం 1248వ నిబంధన చెబుతుంది. ఆట అయ్యాక బసిలికాలో జరిగే పూజకు కెమెరా లేకుండా వెళ్లొచ్చు.

చెడ్డ కంటికి పరీక్ష ఓటమి రోజునే. 2024 సెప్టెంబరు 7న ఐదో ర్యాంకులో ఉన్న నోటర్ డేమ్ సొంత మైదానంలో నార్తర్న్ ఇలినాయ్ చేతిలో 16–14తో ఓడింది. చివరి నిమిషంలో పడిన ఫీల్డ్ గోల్ (బంతిని గోల్‌పోస్టు కమ్మీల నడుమకు తన్ని తెచ్చుకునే పాయింట్లు) దెబ్బ అది. అలాంటి క్షణంలో అభిమాని అయిన ఫొటోగ్రాఫర్ చేయి దానంతటదే కిందికి దిగుతుంది. ఆ రోజు ఫొటో ఉన్నది అవతలి పక్క: కేరింతలు కొడుతున్న ఆ చిన్న జట్టు, కన్నీళ్లాపుకోలేని వాళ్ల కోచ్ థామస్ హామక్. చేయి దించినవాడికి ఆ ఫొటో దక్కదు. ఇదే నోటర్ డేమ్ ఆ సీజన్‌లో ఫైనల్‌దాకా వెళ్లి 2025 జనవరి 20న ఒహాయో స్టేట్ చేతిలో 34–23తో ఓడింది. ఆ సీజన్ కథ ఎవరు చెప్పినా సెప్టెంబరు ఫొటో లేకుండా చెప్పలేరు. ఓటమి తర్వాత పూజలో ఒకరికొకరు సమాధానం (శాంతి) చెప్పుకునే వేళ పక్కవాడి చొక్కా ఏ రంగుదో చూడకుండా చేయి చాపగలిగితే, మత్తయి 20:15 ప్రశ్నకు జవాబు ఇచ్చినట్టే.

రాత్రి వడపోత మిగిలే ఉంటుంది. పదిహేను వందల ఫొటోల్లోంచి నలభై. మొదటి విడత కళ్లు స్పష్టంగా లేనివన్నీ తీసేయడం, రెండో విడత ఒకేలాంటివాటిలో ఒకటే ఉంచడం. పేర్లు రాసేటప్పుడు చొక్కా నెంబరును నమ్మకూడదు. కాలేజీ ఆటలో ఒకే నెంబరు ఇద్దరికి ఉండొచ్చు, ఒకేసారి మైదానంలో లేకపోతే చాలు. బంతి ఎవరి దగ్గరుందో చూసి, దాడి జట్టా రక్షణ జట్టా తేల్చుకున్నాకే పేరు రాయాలి. తోటి ఫొటోగ్రాఫర్ అదే ఆటను తనకన్నా బాగా పట్టాడని తెలిసేదీ ఈ గంటలోనే. అతని ఫొటోను పైన పెట్టి తనది కింద పెట్టడానికి పట్టేది ఒక్క క్లిక్కు, చేయడానికి మాత్రం చాలాసేపు పడుతుంది.

సెమినరీకి నడిచే దారిలో, చెరువుకు ఈవల లూర్దు గుహ నమూనా ఉంది. 1896లో కట్టారు, అసలు గుహలో ఏడో వంతు పరిమాణం. ఆట రోజు రాత్రి అక్కడ కొవ్వొత్తులు వరసలు వరసలుగా వెలుగుతుంటాయి. కెమెరా సంచిలోనే ఉంచడం ఉత్తమం. తప్పనిసరిగా తీయాల్సి వస్తే ఎఫ్ 2, ఐఎస్ఓ 3200, షట్టర్ 1/60, రంగు ఉష్ణోగ్రత 2800 కెల్విన్ దగ్గర. ఇంకా తగ్గిస్తే మంట తెల్లబడి పసుపు పోతుంది. మోకరించినవాళ్లను వెనకనుంచి తీయాలి. పగటి ఎండలో గెలిచిన చొక్కా ఏదో, ఓడిన చొక్కా ఏదో తెలిసేది. ఈ కొవ్వొత్తుల వెలుతురులో అన్నీ ఒకే రంగులో పడతాయి.