పాత లెన్సు కొనే ముందు టార్చి వేసి చూడండి

కెమెరా బాడీ నాలుగైదేళ్లకే పాతబడుతుంది. లెన్సు అలా కాదు, బాగా చూసుకుంటే ఇరవై ఏళ్లయినా అదే ఫొటో ఇస్తుంది. సెకండ్ హ్యాండ్‌లో డబ్బు పెట్టాలనుకుంటే ముందు లెన్సు మీదే పెట్టమంటాను.

భయపడాల్సింది ఫంగస్‌కి, అంటే లోపలి గాజు మీద పట్టే బూజుకి. విశాఖ, కాకినాడ లాంటి తేమ ఊళ్లలో బ్యాగులో పెట్టి మరిచిపోయిన లెన్సుకి ఇది తొందరగా పడుతుంది. రెండు మూతలూ తీసి, అపర్చర్ (వెలుతురు లోపలికి వెళ్లే కంత) పూర్తిగా తెరిచి, వెనక నుంచి ఫోన్ టార్చి కాస్త వాలుగా వేసి ముందు నుంచి చూడండి. సాలెగూడు లాంటి పోగులు కనబడితే వదిలేయండి. శుభ్రం చేయించినా, గాజు మీది కోటింగ్ పూతని తినేసిన చోట మచ్చ పోదు. లోపల తెల్లటి మసక పొర ఉంటే హేజ్ అన్నమాట, ఎదురు వెలుతురులో కాంట్రాస్ట్ (వెలుగునీడల తేడా) చచ్చిపోతుంది. నాలుగు దుమ్ము రేణువులకు మాత్రం బేరం చెడగొట్టుకోవద్దు. ముందు గాజు మీద సన్న గీత కంటే వెనక గాజు మీద గీతే ప్రమాదం.

నికాన్ 50 ఎంఎం ఎఫ్/1.8డి లాంటి పాత తరహా లెన్సుల్లో అపర్చర్ రింగుని 22 దగ్గర పెట్టి, వెనకున్న చిన్న మీటను వేలితో జరిపి వదలండి. అపర్చర్ రేకులు టక్కున మూసుకోవాలి. జిడ్డు పట్టి నెమ్మదిస్తే ఫొటో ఓవర్ ఎక్స్‌పోజ్ అవుతుంది, అంటే వెలుతురు ఎక్కువై తెల్లబోతుంది. పైగా ఈ 50 ఎంఎం లెన్సులో ఫోకస్ మోటారు లేదు, బాడీలోనూ మోటారు లేని నికాన్ డి3500, డి5600 లాంటి వాటి మీద ఆటోఫోకస్ పనిచేయదు. చవగ్గా దొరికిందని తొందరపడేవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే.

గోడకి న్యూస్‌పేపర్ అంటించి, కెమెరాను దానికి సరిగ్గా ఎదురుగా ట్రైపాడ్ మీద పెట్టి, అపర్చర్ ఎఫ్/4 దగ్గర ఉంచి ఫొటో తీయండి. ఆ ఫొటోని జూమ్ చేసి చూస్తే ఒక్క మూలే మసకగా ఉందా? లోపల గాజు పక్కకి జరిగి ఉండొచ్చు. ఫిల్టర్ రింగుకి (లెన్సు ముందు అంచుకి) సొట్ట కూడా ఉంటే కిందపడిన లెన్సే అనుకోండి.