నిరీక్షణ: ఆరేళ్ల డీఎస్సీ చదువు గురించి కొన్ని మాటలు

డీఎస్సీ (ప్రభుత్వ టీచర్ల నియామక పరీక్ష) ఫలితాలు తెలిసిన వారంలోనే మా సంఘం పాస్టరుగారు ఫోను చేశారు. "ఈ ఆదివారం సాక్ష్యం చెప్పాలమ్మా, మన పిల్లలకు ధైర్యంగా ఉంటుంది" అన్నారు. అలాగేనండి అన్నాను. ఫోను పెట్టేశాక గుండెలో రాయి పడింది. మా గుడిలో ఎడమవైపు రెండో వరుసలో ఒక అమ్మాయి కూర్చుంటుంది. నన్ను అక్కా అంటుంది. ఒంగోలులో ఒకే గదిలో అద్దెకుండి చదివాం, ఒకే క్యారియర్‌లో అన్నం తిన్నాం, రాత్రి పుస్తకాలు మూసి ఒకే ప్రార్థన చేసుకున్నాం. నాకు ఎస్జీటీ (చిన్న తరగతుల టీచరు) పోస్టు వచ్చింది, తనకు రాలేదు. "ప్రార్థించాను, దేవుడు ఉద్యోగమిచ్చాడు" అని నేను మైకులో చెబితే ఆ అమ్మాయి చేసిన ప్రార్థన ఏమైనట్టు?

ఆ ప్రశ్న వల్లనే ఇది రాస్తున్నాను. ఏ పుస్తకాలు చదవాలి, ఎన్ని గంటలు చదవాలి అన్నది మీకు చాలామంది చెప్పే ఉంటారు. నేనూ కొంత చెబుతాను. అయితే ఆరేళ్లు ఎలా నిలబడ్డానన్నది అసలు సంగతి. అది నా విశ్వాసాన్ని పక్కన పెట్టి చెప్పలేను.

మాది టంగుటూరు దగ్గర పల్లె. నాన్న చీమకుర్తి వైపు ఒక గ్రానైట్ క్వారీలో పనిచేసేవారు. అమ్మ పొగాకు పనులకు వెళ్లేది. 2018 డీఎస్సీలో అర మార్కు తేడాతో పోయింది. అప్పుడు పెద్దగా ఏడవలేదు, మళ్లీ రెండేళ్లలో వస్తుందిలే అనుకున్నాను. ఈలోగా ఒక ప్రైవేటు బడిలో చేరాను. 2020లో బడులు మూతపడ్డాయి, జీతం ఆగిపోయింది. అమ్మతోపాటు నేనూ ఆకు గ్రేడింగుకు వెళ్లాను. మండె (పొగాకు కుప్ప) పక్కన కూర్చుని, రంగును బట్టి, మచ్చను బట్టి ఆకు వేరు చేస్తూ మనసులో పిల్లల ఆలోచన ఎదుగుదల గురించి పియాజే చెప్పిన దశలు వల్లించుకునేదాన్ని. సాయంత్రానికి చేతులకు జిగురు, ముక్కుకు ఘాటు. ఆ చేత్తో పుస్తకం పట్టుకుంటే పేజీ అంచు నల్లబడేది. ఆ పుస్తకం ఇప్పటికీ నా దగ్గరుంది. మరుసటి ఏడాది నాన్న కాలు మీద రాయి పడింది. ప్రాణం దక్కింది, పని పోయింది. దాని గురించి ఇంతకంటే రాయాలని లేదు.

2023 డిసెంబరు 31 రాత్రి కూడికలో వాగ్దాన కార్డు తీసుకున్నాను. ఎదురుచూచువారు నూతన బలము పొందుదురన్న యెషయా వాక్యం వచ్చింది. నేను దాన్ని నోటిఫికేషన్ గురించిన హామీగా చదువుకున్నాను! ఫిబ్రవరిలో 6,100 పోస్టులతో ప్రకటన రానే వచ్చింది. కార్డును హాల్ టికెట్ కోసం కొన్న ప్లాస్టిక్ కవరులో దాచుకున్నాను. పరీక్ష వాయిదా పడింది. ఎన్నికలయ్యాక ఆ ప్రకటన రద్దయి, దాని స్థానంలో మెగా డీఎస్సీ అన్నారు. పోస్టులు పెరిగాయని అందరూ సంతోషించారు. నాకు మాత్రం తేదీ లేని పోస్టులు గాలిలో దీపాల్లా కనిపించాయి. నాకప్పుడు ఇరవై తొమ్మిదేళ్లు. కార్డు చించేశాను.

ఆ తర్వాత రెండు నెలలు పుస్తకం ముట్టలేదు, ప్రార్థనా చేయలేదు. అమ్మ బలవంతం మీద ఒక శుక్రవారం స్త్రీల కూటానికి వెళ్లి వెనక చాప మీద కూర్చున్నాను. అక్షరాలు కూడబలుక్కుని చదివే ఒక పెద్దమ్మ ఆ రోజు పదమూడో కీర్తన చదివింది. "యెహోవా, ఎన్నాళ్లవరకు నన్ను మరచిపోవుదువు?" చదవడం నెమ్మది కాబట్టి ఒక్కొక్క మాటా విడివిడిగా పడింది. అంతవరకు విశ్వాసి అంటే ఫిర్యాదు చేయనివాడని అనుకుంటూ వచ్చాను. నేను రెండు నెలలుగా లోపల దాచుకున్న మాట బైబిల్లోనే, అదీ ప్రార్థనగా ఉంది. ఆ రాత్రి నేనూ అదే అడిగాను, కాస్త గట్టిగానే. జవాబేమీ రాలేదు. కానీ పొద్దున్నే లేచి గణితం పుస్తకం తీశాను. ఆ రెండింటికీ సంబంధమేమిటని అడిగితే తర్కంగా చెప్పలేను.

తర్వాత పాస్టరుగారితో మాట్లాడుతుండగా ఒక మాట తెలిసింది. రోమా పత్రిక అయిదో అధ్యాయంలో శ్రమ ఓర్పును, ఓర్పు పరీక్షను, పరీక్ష నిరీక్షణను కలుగజేస్తుందని ఉంటుంది. చిన్నప్పటి నుంచి కంఠస్థం. మనకు పరీక్ష అంటే కంప్యూటర్ ముందు రెండున్నర గంటలు, నిరీక్షణ అంటే నోటిఫికేషన్ కోసం పడిగాపులు. మా తెలుగు బైబిల్లో నిరీక్షణ అంటే ఆశ. ఉత్త ఆశ కాదు, ఆధారమున్న ఆశ. ఇక్కడ పరీక్ష అంటే నిప్పులో పెట్టిన బంగారం నిగ్గు తేలడం లాంటిదని ఆయన వివరించారు. ఒకే మాటకు ఎదురుచూపు, ఆశ అని రెండు అర్థాలు ఉండటం నాకు ఆ రోజే తట్టింది. ఆరేళ్లుగా మొదటి అర్థంలో మాత్రమే బతికాను.

ఒంగోలులో చదివే మిత్రులకు ప్రార్థన కొండ తెలిసే ఉంటుంది. జనవరి ఒకటిన తెల్లవారుజామున మా సంఘం పిల్లలు ఎక్కుతారు, నేనూ ఎక్కేదాన్ని, ఫోటోలు దిగేదాన్ని. దాని కథ మాత్రం 2024లోనే శ్రద్ధగా చదివాను. అమెరికన్ బాప్టిస్టులు 1840లో నెల్లూరులో పని మొదలుపెట్టారు. పదమూడేళ్లు గడిచినా నమ్మినవాళ్లు కొద్దిమందే. 1853లో ఆ మిషన్‌ను మూసేయాలా అని అమెరికాలో సభ పెట్టి చర్చించారు. పటంలో ఒంటరి చుక్కలా మిగిలింది కాబట్టి దానికి ఒంటరి నక్షత్రం అన్న పేరే స్థిరపడింది. సరిగ్గా ఆ కాలంలో, 1854 జనవరి 1 ఉదయం, ఆ మిషన్‌కు చెందిన జెవెట్ దంపతులు, ముగ్గురు తెలుగువాళ్లు, మొత్తం అయిదుగురు ఒంగోలు కొండెక్కి ఈ ఊరికి ఒక మనిషిని పంపమని ప్రార్థించారు. ఆ మనిషి, జాన్ క్లౌ, వచ్చి ఒంగోలులో కాపురం పెట్టింది 1866లో. పన్నెండేళ్లు!

మా గుడుల్లో ఈ కథ చెప్పేటప్పుడు అందరూ 1878 జూలై 3 దగ్గరికి పరుగెత్తుతారు. గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్న రోజు అది. అది గొప్ప సంఖ్యే, కాదనను. నన్ను పట్టుకున్నది మాత్రం దాని ముందున్న కరవు. 1876 నుంచి 1878 దాకా ఈ ప్రాంతమంతా మాడిపోయింది. పాదిరి కాకముందు సర్వే పని చేసిన క్లౌ, బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్లకు కూలి పని ఇచ్చాడు. కరవు నెలల్లో బాప్తిస్మాలు ఆపేశాడు, జనం గింజల కోసం వస్తున్నారేమోనన్న అనుమానంతో. అన్నం పెడతాను, పని ఇస్తాను, కానీ అన్నానికి బదులుగా విశ్వాసం తీసుకోను అన్నట్టు. అది చదివినప్పుడు సిగ్గేసింది. నేను చేస్తున్నది దానికి తలకిందుల బేరం. విశ్వాసం ఇస్తాను, పోస్టు ఇవ్వు అంటున్నాను దేవుడితో.

ఆ బేరం మానేశాక చదువు తేలికైంది. అతిశయోక్తి కాదు.

ఇక చదువు సంగతి. ముందు టెట్ (టీచరు అర్హత పరీక్ష) సరిచేసుకున్నాను. డీఎస్సీలో 80 మార్కులు పరీక్షకు, 20 టెట్‌కు. నాకు పాత టెట్‌లో 150కి 118 ఉండేవి. 2024 అక్టోబరులో మళ్లీ రాస్తే 131 వచ్చాయి. ఆ పదమూడు మార్కులు డీఎస్సీకి వచ్చేసరికి 1.73 అయ్యాయి. తక్కువే కదా అనుకోకండి, నేను 2018లో పోగొట్టుకున్నది అర మార్కు. ఎస్జీటీలో 160 ప్రశ్నలు, ఒక్కొక్కటి అర మార్కు. ఎక్కువ భాగం కంటెంటు, మెథడాలజీలదే. కాబట్టి గైడ్లు పక్కనపెట్టి మూడో తరగతి నుంచి ఎనిమిదో తరగతి దాకా పాఠ్యపుస్తకాలు వరుసగా చదివాను, బొమ్మల కింద వాక్యాలతో సహా. తప్పు జవాబుకు మార్కుల కోత లేదు కాబట్టి ఒక్క ప్రశ్న కూడా వదలకూడదు.

అన్నిటికంటే పనికొచ్చింది తప్పుల పుస్తకం. ప్రతి మాదిరి పరీక్షలో తప్పిన ప్రశ్నను, ఎందుకు తప్పిందో ఒక వాక్యంలో రాసేదాన్ని. తెలియక తప్పినవాటి కంటే ప్రశ్నలో "కానిది" అన్న మాట చూడక తప్పినవే ఎక్కువని మూడు వారాల్లో బయటపడింది. థార్నడైక్ యత్నదోష అభ్యసనం (తప్పులు చేస్తూ నేర్చుకోవడం) చదివి మరచిపోతాం కానీ, ఆయన ప్రయోగంలోని పిల్లి పెట్టెలో చేసినది ఇదే.

మా గదిలో ముగ్గురం. నేను, ఆ చెల్లి, ఒక ముస్లిం అమ్మాయి. రంజాన్ నెలలో ఆమె తెల్లవారకముందే లేచేది కాబట్టి మేమూ లేచేవాళ్లం. ఆ నెలలో మా ముగ్గురికీ సిలబస్ ఎక్కువ కదిలింది. 2025 ఏప్రిల్ 20న 16,347 పోస్టుల ప్రకటన వచ్చింది, జూన్ 6 నుంచి పరీక్షలు. మధ్యలో నెలన్నర. కొందరు విశ్వాసులైన మిత్రులు ఆ నెలన్నరలో ఊరూరా ఉపవాస కూటాలకు తిరిగారు, హాల్ టికెట్ల మీద నూనె రాయించుకున్నారు. వాళ్ల భక్తిని తప్పుపట్టను. అయినా కాలువ తవ్వించిన మనిషిని తలుచుకుంటే, సాంఘిక శాస్త్రం రివిజన్ వదిలి కూటానికి వెళ్లడం నాకు భక్తిగా తోచలేదు. మేము రాత్రి పది నిమిషాలు ప్రార్థించేవాళ్లం. అందులో ఉద్యోగం అడగకూడదన్నది మా నియమం. రేపటి పాఠం, ఇంట్లో వాళ్ల ఆరోగ్యం, మా మధ్య అసూయ రాకూడదన్నది అడిగేవాళ్లం. మూడోది అడగాలని చెప్పింది చెల్లే. నాకంటే ముందుచూపు.

పరీక్ష రోజు గురించి చెప్పడానికి ఎక్కువ లేదు. గదిలో చలి, మౌస్ మొరాయింపు, మొదటి పది ప్రశ్నలకు చేతి వణుకు. తర్వాత సర్దుకుంది.

ఆదివారం మైకు దగ్గర నిలబడి రాసుకున్న కాగితం తీయలేదు. "ప్రార్థించినందుకు నాకు ఉద్యోగం రాలేదు. ప్రార్థించకపోతే నిరుడే పుస్తకాలు తూకానికి వేసేదాన్ని. నాకూ మా చెల్లికీ ప్రార్థన చేసిన మేలు ఒక్కటే, మర్నాడు పుస్తకం తెరిపించింది" అన్నాను. ఇంకో రెండు మాటలు చెప్పబోయి గొంతు పూడుకుపోయి కూర్చున్నాను. గుడి కాసేపు నిశ్శబ్దంగా ఉంది. హల్లెలూయా అనాలో వద్దో ఎవరికీ తెలియలేదనుకుంటాను. పాస్టరుగారు కీర్తన ఎత్తుకున్నారు.

బయట చెప్పులు వేసుకుంటుండగా చెల్లి వచ్చి నా చేయి పట్టుకుంది. ఓదార్చాలని నోరు తెరిచేలోపు, "అక్కా, ఆ తప్పుల పుస్తకం నీకిప్పుడు అక్కర్లేదు కదా?" అంది.

సాయంత్రం ఇచ్చాను. అట్ట మీద నా పేరు కొట్టివేసి తన పేరు రాసుకుంది. నాకు కొండపి వైపు బడి వచ్చింది. శనివారం ఇంటికి వచ్చాక తనకు ఇరవై మెథడాలజీ ప్రశ్నలు అడగాలి, అది ఒప్పందం. పోయిన వారం పదిహేడు చెప్పింది. తప్పిన మూడింటిలో రెండు "కానిది" ప్రశ్నలే.