ఈ జనవరిలో డైరీ కొనలేదు

మామూలుగా అయితే ఈపాటికి కొత్త డైరీ మొదటి పేజీ నిండిపోయేది. డీఎస్సీ, బరువు తగ్గడం, పొద్దున్నే జేఎన్ఎస్ స్టేడియంలో నడక, చీటీ ఎత్తి అప్పు తీర్చడం. ఉగాదికి సగం అటకెక్కేవి, మిగతా సగం ఏడాదంతా టెన్షన్ పెట్టేవి.

సద్దుల బతుకమ్మ అయిన వారంలో జ్వరం పట్టుకుంది. డెంగీ అన్నారు. పరీక్షలు, సెలైన్లు అందరికీ తెలిసినవే. హనుమకొండలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఉండగా జ్వరం దిగింది, ఇంట్లోవాళ్ళు ఊపిరి పీల్చుకున్నారు. నాకేమో అప్పటినుంచే కడుపులో నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళలో రక్తం. ఈ రోగంలో అసలు గండం జ్వరం తగ్గేటప్పుడే ఉంటుందని మాలో ఎవరికీ తెలియదు. రక్తనాళాల్లోంచి నీరు బయటికి ఊరి బీపీ పడిపోతుందట. లక్షన్నరకు పైన ఉండాల్సిన ప్లేట్‌లెట్లు 14 వేలకు దిగాయి. ఐసీయూకి మార్చారు.

మెట్టెలు తీయించి, కవర్లో వేసి మా ఆయనకిచ్చారు. బోసి కాలివేళ్ళను ఒకదానితో ఒకటి రాసుకుంటూ పడుకున్నాను. నడిరాత్రి డ్యూటీ డాక్టరు నా మంచం పక్కనే నిలబడి ఫోన్లో, "పొద్దటికల్లా ఈ బెడ్ ఖాళీ అయితది, పంపియ్" అన్నాడు. ఇక తెల్లారేదాకా కన్ను మూయలేదు. మూస్తే మళ్ళీ తెరుస్తానో లేదోనని. చిన్నోడి పదో తరగతి ఫీజు కట్టామా లేదా అన్నదే తిరిగి తిరిగి గుర్తొచ్చింది. నన్ను మామూలు వార్డుకు మారుస్తారని ఆ మాటకు అర్థమట! పొద్దున సిస్టరు చెప్పింది.

రోగి మెలకువగా ఉందో లేదో చూసి మాట్లాడటానికి ఎంత చదువు కావాలి? కానీ అదే మనిషి ఆ రాత్రి మాటిమాటికీ వచ్చి బీపీ చూసి, సెలైన్ వేగం మార్చాడు. కోపమూ ఆయన మీదే, కృతజ్ఞతా ఆయన మీదే. సిస్టరు సంగతి వేరు. తడి దూదితో పెదాలు తుడిచి, "అక్కా, మూత్రం మంచిగొస్తుంది, ఇగ భయం లేదు" అంది. డీఎస్సీ ర్యాంకు వచ్చినా అంత సంతోషపడనేమో.

మీ ఇంట్లో ఎవరికైనా డెంగీ వస్తే జ్వరం తగ్గాక ఒకటి రెండు రోజులు కళ్ళలో వత్తులేసుకుని చూడండి. కడుపునొప్పి, వాంతులు, రక్తం, మూత్రం తగ్గడం, ఏది కనిపించినా ఆసుపత్రికి పరుగెత్తండి. డాక్టరును అడగకుండా ఒంటినొప్పులకని పారాసిటమాల్ తప్ప వేరే మాత్ర మింగొద్దు. బొప్పాయాకు రసం సీసాలతో దిగే చుట్టాలను గుమ్మంలోనే ఆపండి.

జుట్టు ఇంకా దువ్వెన నిండా వస్తోంది, మెట్లెక్కితే ఆయాసం. ఒకటో తారీకునే మా స్కూల్లో ఒక్కో టీచరు ఇన్ని అడ్మిషన్లు తేవాలని కాగితం చేతిలో పెట్టారు. మడిచి బ్యాగులో పడేశాను. ఈ నెలకు నేను పెట్టుకున్న పని ఒక్కటే, నాకు ప్రాణం పోసినవాళ్ళను కలిసి రావడం. ప్లేట్‌లెట్లు ఇచ్చిన కాజీపేట పిల్లవాడికి, సిస్టరుకు అత్తమ్మ చేసిన సకినాలు పట్టుకెళ్ళాను. డాక్టరుకూ ఒక పొట్లం కట్టాను, కానీ ఆ మాట అడిగే ఇచ్చాను. ఆయనకు గుర్తే లేదు. "అట్లన్నానా?" అంటూ సకినం విరిచాడు.

అత్తమ్మ ఐనవోలు మల్లన్నకు బోనం మొక్కింది. సంక్రాంతికే పోయి తీర్చుకుందామా అన్నాను.

"జాతర ఉగాది దాకా ఉంటది బిడ్డా. నీకు సత్తువ వచ్చినంక పోదాం. మల్లన్నకేం తొందర లేదు."