పెరిగిన ఊరు, పెరిగిన కేసులు

నెల్లూరు వేదాయపాలెంలో మా పక్కింటి పెద్దాయన ఊళ్ళో దొంగతనాలు విపరీతంగా పెరిగిపోయాయని వాదించినప్పుడు, కేసుల సంఖ్యను కాక లక్ష జనాభాకు ఎన్ని కేసులన్న రేటును చూడాలని నేనన్నాను. శివార్లతో కలిపి 2001లో సుమారు 4 లక్షలున్న నగర జనాభా 2011 నాటికి 5 లక్షలు దాటింది కనుక, రేటు మారకపోయినా కేసులు పాతిక శాతానికి పైగా పెరుగుతాయి. అయితే ఆ రేటునూ నేను పూర్తిగా నమ్మను. 2021లో జరగవలసిన జనగణన వాయిదా పడినందున, జాతీయ నేర నమోదుల బ్యూరో 2022 నివేదికలోనూ మహానగరాల రేటును 2011 జనాభాతోనే లెక్కగట్టింది; అందువల్ల ఆ తరువాత వేగంగా పెరిగిన నగరమేదైనా, హారం, అంటే కేసులను భాగించే జనాభా సంఖ్య, పాతది కావడంతో, ఉన్నదానికంటే ప్రమాదకరంగా కనబడుతుంది. ఇక నేరాలకు ఎక్కువగా పాల్పడేది యువకులే అయినా, జనాభాలో వారి వాటా ఎంతన్నది ఈ రేటు చెప్పనే చెప్పదు.