పెదవాల్తేరులో ఎర్ర బంతి: నాలుగు నెలల లెక్క

డిసెంబర్ 8

ఈ రోజు ఉదయం ఆరు గంటలకు పిల్లల మొదటి టెన్నిస్ తరగతి. వచ్చినవారు తొమ్మిది మంది. చిన్నవాడికి ఆరేళ్లు, పెద్దవాడికి పదకొండు. సగం మంది మా చుట్టుపక్కల అపార్టుమెంట్ల పిల్లలు, మిగిలినవారు పక్కనే ఉన్న మత్స్యకారుల పేట పెదజాలారిపేట నుంచి నడిచి వచ్చారు. మాకు దొరికిన చోటు విశాఖపట్నం పెదవాల్తేరులో వాడకం లేక పడి ఉన్న బాస్కెట్‌బాల్ కోర్టు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫానుకు ఒరిగిపోయిన స్తంభాలను తరువాత ఎవరూ నిలబెట్టలేదు. నేల మాత్రం చెక్కుచెదరలేదు. ఆ తుఫానుకు రెండు వారాల ముందే ఇంచియాన్ ఆసియా క్రీడల్లో సానియా మీర్జా, సాకేత్ మైనేని మిక్స్‌డ్ డబుల్స్ స్వర్ణం గెలిచారు. అప్పుడు మా వీధిలో నలుగురైదుగురు పిల్లలు రాకెట్లు కొనిపించుకున్నారు. గాలివాన వెలిశాక చెట్లు నరికి దారులు తెరవడంలోనే నెలలు గడిచాయి, ఆ రాకెట్లు అటకెక్కాయి. అప్పుడే చేయవలసిన పని ఇది. పదేళ్లు ఆలస్యంగా మొదలుపెట్టాను.

పెద్దల కోర్టు గీతల లోపల 78 అడుగుల పొడవు, డబుల్స్‌కు 36 అడుగుల వెడల్పు ఉంటుంది. పరిగెత్తే జాగాతో కలిపి 120 అడుగులు, 60 అడుగులు కావాలి. మాకున్నది 28 మీటర్ల పొడవు, 15 మీటర్ల వెడల్పు, అంటే సుమారు 92 అడుగులు, 49 అడుగులు. చిన్నపిల్లలు ఆడే ఎర్ర బంతి కోర్టుకు 36 అడుగుల పొడవు, 18 అడుగుల వెడల్పు చాలు. ఎర్ర బంతి మామూలు పసుపు బంతి కంటే 75 శాతం నెమ్మది. దాని తరువాత నారింజ బంతి, 50 శాతం. ఆ పైన ఆకుపచ్చ, 25 శాతం. పదేళ్లలోపు పిల్లల పోటీల్లో పసుపు బంతి వాడకూడదని అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య 2012 నుంచి నియమం పెట్టింది.

ఈ నియమం విలువ నా కుడిచేతికి బాగా తెలుసు. 1973లో నాకు పదకొండేళ్లు. విజయ్ అమృత్‌రాజ్ వింబుల్డన్‌లోనూ అమెరికా ఓపెన్‌లోనూ క్వార్టర్ ఫైనల్స్ ఆడిన ఏడాది అది. ఒక క్లబ్బులో బంతులు ఏరేవాణ్ని. సభ్యులు వెళ్లిపోయాక చీకటి పడేదాకా ఆడనిచ్చేవారు. ఒక పెద్దమనిషి తన పాత చెక్క రాకెట్ ఇచ్చారు. సముద్రపు తేమకు చెక్క వంకరపోకుండా నాలుగు మూలలా మరలున్న చట్రంలో బిగించి ఉంచాలని చెప్పి ఆ చట్రం కూడా ఇచ్చారు. రోజూ రాత్రి ఆ నాలుగు మరలూ బిగించాకే అన్నం తినేవాణ్ని. ఆ బరువు నా మణికట్టుకు చాలా ఎక్కువ, బంతి నా తలపైకి లేచేది. అందుకని పిడిని కింద నుంచి, దోసెల పెనం పట్టుకున్నట్టు పట్టుకోవడం అలవాటైంది. యాభై ఏళ్లుగా అదే పట్టుతో సర్వీస్ చేస్తున్నాను. ఈ పిల్లలకు ఆ అలవాటు అంటకూడదు. వాళ్లతో పాటు నేనూ నా పట్టు మార్చుకోవాలి. ఈ పుస్తకంలో రెండు లెక్కలూ రాస్తాను.

నా మొదటి లెక్క: కొత్త పట్టుతో, అంటే పిడిని గొడ్డలిలా పట్టుకుని 50 సర్వీసులు, గీతల లోపల పడినవి 9.

డిసెంబర్ 22

పెద్ద పొరపాటు చేశాను. కోర్టుకు అడ్డంగా మూడు చిన్న కోర్టులు గీశాను. అడ్డం అంటే తూర్పు పడమరలు. ఆరున్నర దాటగానే ఎండ సముద్రం మీద నుంచి సూటిగా వచ్చి సగం మంది పిల్లల కళ్లలో పడుతోంది. ఎనిమిదేళ్ల పాప చేత్తో కళ్లు కప్పుకుని ఇంకో చేత్తో ఆడుతుంటే చూసి సిగ్గుపడ్డాను. టెన్నిస్ కోర్టును ఉత్తర దక్షిణాలుగా వేస్తారని నాకు తెలియనిది కాదు. మూడు కోర్టులు పడతాయన్న ఆశలో మరచిపోయాను.

మళ్లీ కొలిచాను. పొడవునా ఒకదాని వెనుక ఒకటి రెండు, పక్కపక్కన రెండు, మొత్తం నాలుగు కోర్టులు పట్టాయి! పొడవులో 72 అడుగులు పోగా 20 మిగిలింది. చివరల్లో అయిదేసి, మధ్యలో పది. వెడల్పులో 13 మిగిలింది. ముందు ముగ్గుతో గీసి, వారం ఆడించి, ఆ తరువాతే రంగు వేశాం. మూలలు సరిగ్గా రావడానికి తాపీమేస్త్రీలు చేసే పద్ధతే: ఒక గీత మీద 6 అడుగులు, రెండో గీత మీద 8 అడుగులు గుర్తుపెట్టి, ఆ రెంటి మధ్య సరిగ్గా 10 వచ్చేదాకా దారం జరపడం.

జనవరి 5

ఈ నాలుగు కోర్టులకు అడ్డంగా రెండు పొడవాటి నెట్‌లు కావాలి, ఒక్కొక్కటి నలభై అడుగులు. కొనాలని వెతికాను, ఆ కొలతలో దొరకలేదు. తొమ్మిదేళ్ల కుర్రాడొకడు "మాస్టారూ, మా తాత అల్లుతాడు" అన్నాడు.

మరునాడు జాలారిపేట వెళ్లాను. ఆయన ఇంటి అరుగు మీద కూర్చుని, కాలి బొటనవేలికి తాడు తగిలించి వల బాగుచేస్తున్నారు. "కన్ను ఎంత ఉండాలి బాబూ?" అని అడిగారు. జేబులోంచి ఎర్ర బంతి, పసుపు బంతి తీసి ఇచ్చాను. ఎర్రదాన్ని పక్కన పెట్టేసి, పసుపు బంతిని అరచేతిలో రెండు సార్లు తిప్పి, దాని మీద మూడు వేళ్లు ఆనించి చూసి, "మూడు వేళ్ల కన్ను సరిపోతుంది" అన్నారు. రేపు పిల్లలు పెద్దవాళ్లై చిన్న బంతికి మారినా ఈ నెట్ పనికిరావాలని ఆయనే ఆలోచించారు. నాకు తట్టలేదు. వల సూది కన్నులోంచి దూరి, మెలిక తిరిగి, ఒక్క లాగుతో ముడి పడుతోంది. ముడికీ ముడికీ మధ్య దూరం వెదురు బద్ద కొలుస్తోంది. అరగంట కూర్చుని చూశాను. లేవబుద్ధి కాలేదు.

అయిదు రోజుల్లో రెండూ అల్లి ఇచ్చారు. దారం ఖర్చు మాత్రమే తీసుకున్నారు. పై తాడు నైలాన్. ఇక్కడ ఉప్పుగాలికి ఇనుప తీగ రెండు వర్షాలు ఆగదు. పై అంచుకు పాత పంచె మడిచి కుట్టాం, తెల్లగా కనబడాలి కదా. మధ్యలో జారకుండా పెయింటు డబ్బాల్లో సిమెంటు పోసి వెదురు గుంజలు నిలిపాం. ఎత్తు 80 సెంటీమీటర్లు.

జనవరి 19

సంక్రాంతి సెలవుల తరువాత అందరూ తిరిగి వచ్చారు, ఇంకో నలుగురిని వెంటబెట్టుకుని. రాకెట్ల సంగతి ఇప్పుడు తేల్చాలి. పెద్దల రాకెట్ పొడవు 27 అంగుళాలు. "పెరిగే పిల్లాడే కదా" అని తల్లిదండ్రులు అదే కొంటారు. చొక్కా పెద్దదైతే మడత పెట్టుకోవచ్చు, రాకెట్‌ను మడవలేం. పిల్లవాణ్ని నిటారుగా నిలబెట్టి, చెయ్యి వదులుగా వేలాడదీయించి, రాకెట్ పట్టిస్తే దాని కొన నేలకు తగిలీ తగలనట్టు ఉండాలి. ఈ లెక్కన మా వాళ్లలో చిన్నవాళ్లకు 21, తరువాతివాళ్లకు 23, తొమ్మిది దాటినవాళ్లకు 25 అంగుళాలవి సరిపోయాయి.

బంతుల విషయం కూడా. నేను ఆడే క్లబ్బులో పారేసే పసుపు బంతులను సంచిలో తెస్తున్నాను. వాటిని వేరు చేయడానికి గోడ మీద సుద్దతో గీతలు గీశాను. కొత్త బంతిని 100 అంగుళాల ఎత్తు నుంచి వదిలితే 53 నుంచి 58 అంగుళాల దాకా లేవాలని నియమం. 50కి పైగా లేచినవి తిరిగి క్లబ్బుకు, తక్కువ లేచినవి మా బుట్టలోకి. అయితే గాలి తగ్గినా పసుపు బంతి గట్టిదే, బరువు తగ్గదు. కాబట్టి పదేళ్లు దాటినవాళ్లు గోడకు కొట్టుకోవడానికి మాత్రమే అవి. చిన్నవాళ్లకు ఎర్రవే.

ఫిబ్రవరి 9

నా లెక్క: 50లో 17. భుజం నొప్పి పెట్టడం లేదు, పాత పట్టుతో పెట్టేది.

ఈ రోజు పిల్లలకు సర్వీస్ మొదలుపెట్టాను. రాకెట్ లేకుండా బంతిని నెట్ అవతలికి విసరమన్నాను. చాలామంది మోచెయ్యి ఒక్కటే ఆడించారు. వల అల్లిన తాత మనవడు మాత్రం పక్కకు తిరిగి, నడుము మెలితిప్పి, వెనక కాలి నుంచి బరువు ముందుకు తెచ్చి విసిరాడు. ఎవరు నేర్పారని అడిగితే వాడికి అర్థం కాలేదు. ఒడ్డున తాతతో కలిసి విసురువల వేస్తాడట. అప్పటి నుంచి వాణ్ని ముందు నిలబెట్టి అందరికీ చూపిస్తున్నాను. అపార్టుమెంటు పిల్లలు వాణ్ని మళ్లీ మళ్లీ వేసి చూపమంటున్నారు.

పట్టు నేర్పేటప్పుడు పేర్లు చెప్పడం మానేశాను. ఫోర్‌హ్యాండ్‌కు రాకెట్‌తో కరచాలనం, సర్వీస్‌కు గొడ్డలి. ఆరేళ్లవాడికి ఇంతకంటే అవసరం లేదు.

మార్చి 2

తేమ పెరిగింది. పిడి మీద చుట్టే ఓవర్‌గ్రిప్ చలికాలంలో నెల వచ్చేది, ఇప్పుడు పది రోజులకే జారుతోంది. ఎండలో ఆరబెడితే ఇంకో వారం లాగుతుంది. వెదురు గుంజ ఒకటి చీలింది, మార్చాం.

మార్చి 23

ఒంటిపూట బడులు మొదలయ్యాయి. మధ్యాహ్నం కూడా తరగతి పెట్టమని పిల్లలు అడిగారు. ఆ ఎండలో కుదరదన్నాను. ఉదయం పావుగంట ముందుకు జరిపాం. అయిదూ ముప్పావుకు గేటు దగ్గరికి వచ్చేసరికి ఆరుగురు అప్పటికే నెట్ కడుతున్నారు.

నా లెక్క: 50లో 31.

ఈ రోజు ఎనిమిదేళ్ల పాప, తాత మనవడు ఎదురెదురుగా నిలబడ్డారు. డిసెంబరులో ఆ పాప వరుసగా మూడు బంతులు ఆడలేకపోయింది. మిగిలినవాళ్లు గీత బయట కూర్చుని గట్టిగా లెక్కపెట్టారు. పదిహేను దాటాక నేనూ లెక్కపెట్టాను. నలభై మూడో బంతి పంచె అంచుకు తగిలి, ఒక్క క్షణం అక్కడే ఆగినట్టు ఆగి, వాడి వైపు పడింది. ఇద్దరూ నెట్ దగ్గరికి పరిగెత్తి చేతులు కలుపుకున్నారు. "మాస్టారూ, నారింజ బంతి ఎప్పుడు?" అని పాప అడిగింది.

నారింజ కోర్టుకు 60 అడుగుల పొడవు కావాలి. రెండు కోర్టుల మధ్య గీత చెరిపి, ఒక నెట్ నడిమికి జరిపితే పడుతుంది. సాయంత్రం ముగ్గు డబ్బా, దారం తీసి సంచిలో పెట్టుకున్నాను.