కింది అర ధర 386 రూపాయలు

నిన్న బైండింగ్ మడిగ నుంచి పదిహేడు పుస్తకాలు ఇంటికి తెచ్చుకున్న. మైదా లై వాసన ఇంకా పోలేదు. ఆ వాసన ఉండంగనే రాయాలె అనిపించింది, లేకుంటే కోపం చల్లారి సగం మరిచిపోత.

2025 అక్టోబర్ 29న మొంథా తుఫాను వాన హన్మకొండను ముంచినప్పుడు, హంటర్ రోడ్డు దిక్కున్న మా ఇంట్ల మోకాళ్ల దాక నీళ్లు నిలిచినయి. 2023 జూలై వానలకు గడప కాడ ఆగినయి, ఈసారి గూడ ఆగుతయనుకున్నం. ఆగలేదు. ఫ్రిజ్ పోయింది, పరుపులు పోయినయి, రెండు బస్తాల బియ్యం పోయినయి. అదంతా ఒక లెక్క. బాపు అల్మార కింది రెండు అరలు మునిగినయి, అది ఇంకో లెక్క.

పై అరలల్ల నేను కొనుక్కున్నయి ఉంటయి. కింద బాపువి. బాపు ఆజంజాహీ మిల్లుల నేత పని చేసిండు. 1934ల నిజాం కాలంల పెట్టిన మిల్లు అది, ఇయ్యాల లేదు. జీతం అందిన వారం ఒక పుస్తకం కొనేటోడు. అవ్వ కొట్లాడేది, ఈయన నవ్వేటోడు. తెచ్చిన పుస్తకాన్ని కింది అరల్నే పెట్టేటోడు, "పిల్లల చేతికి అందాలె గదా" అని. నాకు నడక రాకముందే వాటిని గుంజి కింద పడేసేదాన్నట. మా చేతికి అందాలని పెట్టిన పుస్తకాలే నీళ్లకు గూడ అందినయి.

ఆరబెట్టుడు సంగతి చెప్త, ఎవరికన్న పనికొస్తది. కరీంనగర్ల గ్రంథాలయంల పనిచేసి రిటైరైన మా పిన్నికి ఫోన్ చేస్తే, "బిడ్డా, ఎండల పెట్టకు, తడిది తెరవకు, రెండు రోజుల్ల బూజు పడుతది, జల్ది చెయ్" అన్నది. బురద అంటినయి మూసినవి మూసినట్టే మంచినీళ్ల బకెట్ల ముంచి కడిగిన. తువ్వాల్ల చుట్టి మెల్లగ ఒత్తి, నిలబెట్టి, ఫ్యాన్ కింద పెట్టిన. కొంచెం ఆరినంక పదిపదిహేను పేజీలకు ఒక పాత పేపర్ పెట్టి, అది తడవంగనే మార్చిన. అన్నిటినీ ఒక్కసారి చేసుకునుడు చాతగాదు, అందుకే పన్నెండు పుస్తకాలు ప్లాస్టిక్ కవర్లల్ల కట్టి మా సందు చివర ఐస్‌క్రీం అమ్మే తమ్ముని డీప్ ఫ్రీజర్ల పెట్టిచ్చిన. గడ్డకట్టిన పుస్తకానికి బూజు పట్టదు, తీరికగ ఒక్కొక్కటే తీసుకోవచ్చు. నున్నటి బొమ్మల కాగితం ఉన్నవాటికి మాత్రం ఆలస్యం చెయ్యొద్దు, తడిగ ఉండంగనే పేజీ పేజీకి నడుమ కాగితం పెట్టాలె. ఎండినంక ఇటుక లెక్క అతుక్కపోతయి. రాత్రి మూడింటికి అలారం పెట్టుకొని లేచి కాగితాలు మార్చిన. నలభై మూడిట్ల రెండే పోయినయి. ఇది నేను గొప్పగనే చెప్పుకుంట.

ఇగ నష్టం రాయించుకునుడు.

ఇల్లిల్లు తిరుగుకుంట ఒక సారు వచ్చిండు. ఫ్రిజ్ రాసుకున్నడు, మంచం రాసుకున్నడు, బియ్యం ఎన్ని కిలోలు అని అడిగి రాసుకున్నడు. నేను అల్మార చూపెట్టిన. "స్కూల్ పిల్లల పుస్తకాలా అమ్మా?" అన్నడు. కాదు, ఇంట్ల చదువుకునేటియి అన్న. "అవి రాసేటియి కావు. రద్దీకి వేస్తే కిలోకింత వస్తది" అని పక్కింటికి పోయిండు. వాకిట్ల నలుగురు ఉన్నరు. నాకు మాట రాలేదు.

రాత్రంతా నిద్ర పట్టలేదు. పైసల కోసం గాదు, ఆ మాట నిజమని ఎవరూ అనుకోవద్దు అని. పోయింది పోయినట్టు ఒక కాగితం మీద ఉండాలె అనిపించింది. దర్ఖాస్తు రాసుకొని ఆఫీసుకు పోయిన. మొదటిసారి సారు లేడు. రెండోసారి బిల్లులు తెమ్మన్నరు. నలభై ఏండ్ల కింద మిల్లు కార్మికుడు కొన్న పుస్తకానికి బిల్లు! లేదంటే, "అయితే పుస్తకం పేరు, ధర రాసుకొని రా" అన్నరు.

మూడోసారి పోయిన. నా కొడుకు కన్న చిన్నోడు, టేబుల్ కాడ కూర్చున్నడు. లిస్టు తీసుకొని, వెనక వరుసల మనుషులు నిలబడి వింటుండంగ, పైకి చదువుడు మొదలుపెట్టిండు.

"రెండు రూపాయల యాభై పైసలు."

అది మాస్కోల అచ్చయి వచ్చిన తెలుగు పిల్లల పుస్తకం. అప్పట్ల సోవియట్ పుస్తకాలు అగ్గువకు దొరికేటియి. మంచు ఎట్లుంటదో నేను మొదట చూసింది దాంట్లనే, వరంగల్ మే నెలల, తడి గోనెపట్ట కట్టిన కిటికీ కింద కూర్చొని. నాకు టైఫాయిడ్ వచ్చి ఇరవై దినాలు మంచం మీదుంటే బాపు షిఫ్టు దిగివచ్చి అదే పుస్తకం రోజూ చదివిండు. వేరేది చదువుత అంటే నేనే వద్దన్న.

"నాలుగు రూపాయలు."

వట్టికోట ఆళ్వారుస్వామి నవల 'ప్రజల మనిషి'. ఆయన ఊరూరు తిరిగి పుస్తకాలు అమ్మిన మనిషి. బాపుకు ఆ సంగతి అంటే ప్రాణం. "రాసినోడే మోసుకొచ్చి మన చేతుల పెట్టిండు, మనం చదవకపోతే ఎట్ల" అనేటోడు. మిల్లు మూతపడ్డ ఏడాది మా ఇంట్ల పొయ్యి ఒక్కపూటే మండింది. ఆ ఏడాది ఆయన కొత్తది ఒక్కటి గూడ కొనలేదు, దీన్నే మళ్లమళ్ల చదివిండు. వెనక అట్ట లోపల పెన్సిల్‌తోని తారీకులు ఏసుకున్నడు. పదకొండు తారీకులు.

"ఇది ధర లేదు. సున్న."

పోతన భాగవతం. మొదటి పేజీలు ఎన్నడో పోయినయి, ధర ఎక్కడుంటది? మా నాయినమ్మకు అక్షరం రాదు. ఆమె తల్లిగారూరు బమ్మెర దిక్కు. పోతన మా దిక్కోడు అని సుట్టపాయన గురించి చెప్పినట్టు చెప్పేది. బాపు చదువుతుంటే గజేంద్ర మోక్షం పద్యాలు ఆయన కన్న ముందు ఆమె నోట్లకెళ్లి వచ్చేటియి. ఒక పేజీ మీద ఆమె పసుపు వేలిముద్ర ఉన్నది. వరద నీళ్లకు గూడ పోలేదు.

"ఇది గూడ సున్న."

కాళోజీ 'నా గొడవ'. 2002 నవంబర్‌ల కాళోజీ పోయిన్నాడు, దేహం కాకతీయ మెడికల్ కాలేజీకి ఇచ్చిన్రని తెలిసి బాపు పొద్దంతా ఏం తినలేదు. తెల్లారి పేపర్ల వచ్చిన వార్తను కత్తిరించి ఆ పుస్తకంల పెట్టిండు. ఇప్పుడు ఆ కాగితం పేజీకి అతికింది. నేను విడదీయలేదు, అట్లనే ఉండనిచ్చిన.

ఆ పిలగాడు ఇరవై తొమ్మిదింటికి ధరలు కూడిండు, పద్నాలుగింటికి సున్నలు వేసిండు. "మొత్తం మూడు వందల ఎనభై ఆరు" అన్నడు. వెనక ఎవరో ఆడమనిషి, "గింత దానికి మూడుసార్లు తిరిగినవా అక్కా" అన్నది. ఆమె జాలితోనే అన్నది, నాకు తెలుసు. అయినా ఇజ్జత్ పోయినట్టనిపించింది. నాది గాదు, బాపుది. ఆయన ముప్పై ఏండ్ల జీతం లెక్కల నుంచి మిగిల్చి కట్టుకున్న దానికి నేనే సంతకం చేసి 386 రూపాయలని ఒప్పుకున్నట్టు. కాగితం ఇటియ్యమన్న. "ఎందుకమ్మా, ఎక్కించుత గదా" అన్నడు. ఇటియ్యమని మళ్లన్న. తీసుకొని బయటికొచ్చి ఆటో ఎక్కిన. అశోకా జంక్షన్ దాటేదాక ఏడుపు ఆపుకున్న.

ఎవరన్న ఇట్లాంటి పని మీద పోతే ఒక్కరు పోకుండ్రి. నోరున్న మనిషిని వెంట తీసుకపోండ్రి. ఫ్రిజ్‌కు, టీవీకి మాత్రం దర్ఖాస్తు పెట్టుకోండ్రి. పుస్తకాలను వాళ్ల చేతుల పెట్టకుండ్రి. ఇంకో మాట: అల్మారను ఇప్పుడే అరకు అర ఫోన్ల ఫొటో తీసుకోండ్రి. నాకు ఆ బుద్ధి ముందుగాల ఉంటే ఏ అరల ఏమున్నదో రాత్రులు కూర్చొని యాది చేసుకునే అవసరం ఉండకపోవు. మా గల్లీల కొత్త ఇండ్లు కడుతున్నరు, గోడంత టీవీకి జాగ వదులుతున్నరు, పుస్తకానికి జానెడు వదలరు. పెద్దోళ్లు పోంగనే వాళ్ల పుస్తకాలు తక్కెడ ఎక్కుతున్నయి. ఇది నాకు కడుపుల మండుతది.

ఒకటి మాత్రం ఆరబెట్టుకుంటనే తెలిసింది. సిరాతోని రాసిన ప్రతి మాట కరిగిపోయింది. బాపు సంతకాలు, కొన్న తారీకులు, "నా బిడ్డకు" అని రాసిన రెండు పుస్తకాల మొదటి పేజీలు, అన్నీ నీలం మరకలైనయి. పెన్సిల్ రాత మాత్రం చెక్కు చెదరలేదు. పెన్సిల్ రాత నీళ్లల్ల కరగదట, పిన్ని చెప్పింది. చదువుకుంట అంచుల బాపు రాసుకున్నయి అన్నీ పెన్సిల్‌వే, మిల్లుల లెక్క రాసే పెన్సిల్ జేబులనే ఉండేది గదా. "ఇది నిజం." "అమ్మకు చెప్పాలె." ఒక కాడ ఉత్త "ఊఁ" అని. సంతకాలు పోయినయి గని, ఆయన చదువుకుంట మాట్లాడుకున్నదంతా ఉన్నది.

బైండింగ్ గురించి ఎక్కువ చెప్పేదేం లేదు. వరంగల్ చౌరస్తా దిక్కు ఒక పెద్దమనిషి చేస్తడు, లైల మైలుతుత్తం కలుపుతడు, పురుగు పట్టదు. దారంతోని కుట్టుతడు. ఏ పుస్తకాన్ని గూడ ధర చూడలేదు, ముందు తెరిచి పెన్సిల్ రాతలు చూసి, "అంచులు కోయనమ్మా, ఇవి పోతయి" అని ఆయనే అన్నడు. కూలీ అడిగినంత ఇచ్చిన, బేరం చెయ్యలేదు.

అల్మార కింద సిమెంట్ ఇటుకలు పెట్టి రెండు ఫీట్లు లేపిచ్చిన. నా కొడుకు పై అరల సర్దుదాం అన్నడు. వద్దన్న. మనుమరాలికి మూడో ఏడు నడుస్తున్నది, ఇప్పటి కింది అర సరిగ్గ ఆమె ఛాతీ కాడికి వచ్చింది. నిన్ననే భాగవతాన్ని రెండు చేతులతోని గుంజింది, బరువుకు వెనకకు కూలబడ్డది. ఇంకా ఇరవై నాలుగు బైండింగ్‌కాడ ఉన్నయి. శనివారం రమ్మన్నడు.