నేను గీసిన కోడిగుడ్డు కక్ష్య

సైన్స్ పాఠాలకి బొమ్మలు గీయడం నా పని. మొన్న మా అక్క కూతురు పరీక్షకి చదువుకుంటూ, "పిన్నీ, భూమి దూరంగా వెళ్తుంది కాబట్టే కదా చలికాలం వచ్చేది?" అంది. ఎవరు చెప్పారే అంటే పుస్తకం తెరిచి చూపించింది. కోడిగుడ్డులా సాగిన కక్ష్య, మధ్యలో సూర్యుడు, నాలుగు చోట్ల నాలుగు భూములు. ఆ బొమ్మ నాది కాదు. కానీ అచ్చం అలాంటివి నేనూ గీశాను.

నిజానికి భూమి సూర్యుడికి బాగా దగ్గరయ్యేది జనవరి మొదట్లో, సుమారు 14.7 కోట్ల కిలోమీటర్లకి. బాగా దూరమయ్యేది జూలైలో, 15.2 కోట్లకి. దూరమే కారణమైతే భూమంతా ఒకేసారి చలి పుట్టాలి. జనవరిలో ఆస్ట్రేలియాలో మండువేసవి!

ఆ కక్ష్యని 10 సెంటీమీటర్ల వెడల్పున ఉన్నదున్నట్టు గీస్తే పొడవుకీ వెడల్పుకీ తేడా పెన్సిల్ గీత మందమైనా ఉండదు. సూర్యుడు నడిమధ్య నుంచి మిల్లీమీటరు లోపే పక్కకి జరుగుతాడు. అంటే కంటికి అది వృత్తమే.

మరి గుడ్డులా ఎందుకు గీస్తాం? ఋతువులకి అసలు కారణం భూమి అక్షం 23.5 డిగ్రీలు వాలి ఉండటం. సరిగ్గా పైనుంచి చూసినట్టు గీస్తే ఆ వాలు సరిగా తెలియదు. అందుకని కాస్త పక్కనుంచి చూసినట్టు గీస్తాం. వాలు కనబడుతుంది, వృత్తం కాస్తా నొక్కుకుపోతుంది. గీసేవాళ్ళకి ఈ సంగతి తెలుసు. చూసే పిల్లకి ఎవరూ చెప్పరు.

సైజుల సంగతి చెప్పనే అక్కర్లేదు. సూర్యుడు మీటరు బంతి అయితే భూమి 9 మిల్లీమీటర్ల పూస, మధ్య దూరం వంద మీటర్ల పైనే. ఏ పేజీలో పడుతుంది? గుండె బొమ్మదీ ఇదే గోల. తేడా తెలియాలని చెడు రక్తానికి నీలం వేస్తాం, అది నిజంగానే నీలమని నమ్మేస్తారు. ముదురెరుపు అంతే.

మా అక్క కూతురికి పళ్ళెం ఒకటి ఇచ్చి ముందు ఎదురుగా, తర్వాత ఏటవాలుగా పట్టుకోమన్నాను. "గుడ్డయిపోయింది!" అంది. కాసేపాగి, "మరి పుస్తకంలో రాయొచ్చుగా?" అంది.

అప్పటినుంచి ఆ బొమ్మ ఎప్పుడు గీసినా మూలన చిన్న వృత్తం గీసి, 'పైనుంచి చూస్తే ఇలా' అని రాస్తున్నాను. చోటు చాలదని ఒక ఎడిటర్ రెండుసార్లు తీసేశారు. మూడోసారి సూర్యుడి కిరణాలు కురచ చేసి ఇరికించాను.